నీలం రాని చుక్క

ఆగండి ఆగండి, ఒక్క నిమిషం. ఎక్కడికీ వెళ్ళకండి, ఇది విని వెళ్ళండి. ముందు మీ ఎదురుగా ఉన్న టేబుల్ అంచు కిందకి ఒకసారి వేలు పోనివ్వండి. పైనంతా నున్నగా మెరుస్తూ ఉంటుంది కదా, కింద రంగు వెయ్యని చోట మట్టి రంగులో, అట్టలాగా, కాస్త నూగు నూగుగా తగులుతోందా? అదే ఫైబర్‌బోర్డు. చెక్కే, కానీ మొద్దు కోసి తీసిన చెక్క కాదు. చెక్కని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆవిరిలో ఉడకబెట్టి, రెండు పళ్ళ చక్రాల మధ్య దూదిలా అయ్యేదాకా నూరి, ఆ పీచుకి జిగురు పట్టించి, పరుపులా పరిచి, వేడి ప్రెస్సు కింద పెట్టి అదిమితే వచ్చే పలక. కథంతా ఆ పలక గురించే. కాదు కాదు, ఆ పలక చేసే చోట పొద్దున తొమ్మిదింటికీ మధ్యాహ్నం మూడున్నరకీ మధ్య ఒక అమ్మాయి ఎలా ఇరుక్కుపోయిందో దాని గురించి.

ఆ అమ్మాయిని ఫ్యాక్టరీలో అందరూ ల్యాబ్ పిల్ల అంటారు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆమె ల్యాబ్ మేడ మీద ఒక గాజు గది. ఒకవైపు గాజులోంచి చూస్తే ప్రెస్సు హాలు, ఇంకోవైపు చూస్తే కింద పాత చెక్క ఏరే షెడ్డు. మూడో వైపు తలుపు ఉండేది కానీ, పోయినేడు కొత్త ఆవిరి గొట్టం దానికి అడ్డంగా వేసేశారు. దాంతో ఇప్పుడు ఆమె లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా మేనేజరు గదిలోంచే దారి. మొదట్లో దాని మీద జోకులు వేసుకునేవారు. "నాకు తుమ్ము వచ్చినా సార్ పర్మిషన్ కావాలి" అని ల్యాబ్ పిల్లే నవ్వేది.

ఆమెకి పలకలంటే పిచ్చి. నిజంగా పిచ్చే. రెండేళ్ళ కిందట ఈ ఫ్యాక్టరీ అంతా పచ్చి మొద్దుల మీదే నడిచేది. రోజూ లారీల కొద్దీ చెట్లు వచ్చేవి. "సార్, ఊళ్ళో పారేసే చెక్కే ఇంత ఉంటే చెట్లెందుకు సార్?" అని ఆమె మేనేజరు వెంట పడింది. విరిగిన బీరువాలు, ఊడిన తలుపులు, సామాన్లొచ్చే పెట్టెలు, చేలల్లో ఊరికే తగలబెట్టేసే పత్తి కంప, అన్నీ తెప్పించింది. పత్తి కంపతో చేసిన మొదటి పలక ప్రెస్సులోంచి బయటికి రాగానే బెలూనులా ఉబ్బి ఠప్పుమని పేలింది. హాలంతా నవ్వారు. ఆమె నవ్వలేదు, తడి ఎక్కువైందని రాసుకుంది. అలా నలభై మూడు పలకలు పగిలాక నలభై నాలుగోది నిలబడింది. పాత చెక్క అరవై పాళ్ళు, పత్తి కంప ఇరవై, కొత్త కలప ఇరవై. ఆ పలకని ఆమె పసిపాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మేనేజరు గదిలోకి పరుగెత్తింది.

మేనేజరుని చాటుగా అందరూ వేడి ప్రెస్సు అంటారు. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడంటే పల్చగా అయ్యేదాకా వదలడు. కానీ ఆ రోజు ఆయన పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా" అన్నాడు. పైవాళ్ళతో పోట్లాడి మరీ ఏరే షెడ్డు పెట్టించాడు. షెడ్డులో ఇరవై రెండు మంది ఆడవాళ్ళు. వాళ్ళకి పెద్ద ఎవరనుకుంటున్నారు? ల్యాబ్ పిల్ల అక్క. సొంత అక్క. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే, ఆవిడ అంతకు ముందు అదే ఫ్యాక్టరీలో యార్డు ఊడ్చేది. ఇప్పుడు మెడలో విజిలు, చేతిలో చాకు, జేబులో చుక్కల సీసా.

ఈ చుక్కల సీసా ఏంటో చెప్పాలి. పాత చెక్కలో అన్నీ మంచివే ఉండవు. చెదలు పట్టకుండా కొన్ని గుంజలకీ స్తంభాలకీ వెనకటికి మందు పట్టించేవారు. అందులో రాగి ఉంటుంది, పాషాణం ఉంటుంది. అలాంటి చెక్క ఒక్కటి నూరుడులో పడినా విషం పీచంతటికీ అంటుకుంటుంది. అందుకని ల్యాబ్ పిల్ల ఒక రంగు మందు తయారుచేసి ఇచ్చింది. చెక్కని చాకుతో గీకి, ఒక్క చుక్క వెయ్యాలి. నారింజ రంగులోనే ఉంటే మంచిది. నీలం తిరిగితే విషం, అవతల పడెయ్యాలి. అంతే. "ఈ మందు దొరకడం చాలా కష్టం, ఒక్క చుక్క కూడా వృథా చెయ్యొద్దు" అని ఆమె మొదటి రోజే అందరికీ గట్టిగా చెప్పింది. గుర్తుంచుకోండి, చెప్పింది ఆమే.

ఇక అసలు రోజు. పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్ పిల్ల నాలుగు కొత్త సీసాలు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"అక్కా, పాతవి అయిపోయి ఉంటాయిగా? ఈసారి మీరెవరూ అడగలేదేంటి?"

"అప్పుడే ఎందుకే? ఇంకా సగం పైనే ఉన్నాయి" అంది అక్క.

"సగమా? పోయిన నెల ఇచ్చినవి!"

పక్కనే మేకులు పీకుతున్న పెద్దనోరు అందుకుంది. ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు, ఆవిడ మాట మాత్రం ప్రెస్సు మోతలో కూడా వినబడుతుంది. "మేమేమన్నా నీలాగా గాజు గదిలో కూర్చుని పారబోసుకునేవాళ్ళమా పిల్లా? షాంపూ సీసాలో నీళ్ళు పోసి ఇంకో నెల నెట్టుకొచ్చేవాళ్ళం. సీసా అడుగంటినప్పుడల్లా ఇన్ని నీళ్ళు పోసి గిలక్కొడతాం. నువ్వొచ్చి మాకు పొదుపు నేర్పాలా?"

అందరూ పకపకా నవ్వారు. ల్యాబ్ పిల్ల కూడా నవ్వేసింది. వాళ్ళింట్లో కూడా అంతే మరి, షాంపూ సీసాని తలకిందులుగా నిలబెట్టి ఆఖరి బొట్టు దాకా పిండే అక్క దగ్గరే పెరిగింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆ నవ్వు నోట్లోనే గడ్డకట్టింది.

"నీళ్ళు... ఎప్పట్నుంచి పోస్తున్నారు?"

"పోయిన శనివారానికి ముందు శనివారం నుంచి. ఏంటే? మొహం అలా పెట్టావ్?" అంది అక్క.

ల్యాబ్ పిల్ల కొత్త సీసా మూత తీసి, ఏరి పక్కన పెట్టిన మంచి చెక్క కుప్ప దగ్గరికి నడిచింది. పెట్టె చెక్కని గీకి చుక్క వేసింది. నారింజ. తలుపు చెక్క. నారింజ. దాని పక్కన నాలుగు కంచె గుంజలున్నాయి, ఎండకీ వానకీ బూడిద రంగు తిరిగిపోయి, చూడ్డానికి ముసలి చెట్టు కొమ్మల్లా అమాయకంగా. గీకింది. చుక్క వేసింది.

ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు చుక్క నీలం తిరిగింది. సిరా ఒలికినట్టు.

అదే గుంజ మీద అక్క సీసాలోది ఇంకో చుక్క వేసింది. ఉత్త తడి మచ్చ. రంగు లేదు, ఏమీ లేదు.

"ఈ గుంజలు ఎప్పుడొచ్చాయి?" అంది, సీసా మూత బిగిస్తూ.

"సోమవారం. ఇది కాదు, ముందటి సోమవారం. ఒక లారీ నిండా వచ్చాయి. ఇవి ఆఖరివి" అంది అక్క. చెప్తూ చెప్తూనే అక్క గొంతు సన్నబడిపోయింది. ఆవిడకి చదువు లేదు కానీ తెలివి తక్కువ మనిషి కాదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని చెక్క కుప్ప వెనక్కి లాక్కుపోయింది.

"ఎంత నూరేసి ఉంటారు?"

"లారీ లోడంతా. తొమ్మిది రోజుల పలకల్లో కలిసిపోయింది. మూడు రోజులవి యార్డులోనే ఉన్నాయి అక్కా. మిగతా ఆరు రోజులవీ మంచాలావిడ దగ్గరికి వెళ్ళిపోయాయి."

మంచాలావిడ అంటే పసిపిల్లల మంచాలు చేసే ఆవిడ. చుట్టూ ఎత్తు పలకలుంటాయే, పాకే పిల్లలు పడిపోకుండా, అవి. చెట్టు కొట్టకుండా చేసిన పలక అని ముచ్చటపడి ఆవిడ మూడు నెలలుగా ఇక్కడే కొంటోంది. పైగా ప్రతి మంచానికీ చిన్న కాగితం అంటిస్తుంది. 'పరీక్షించిన పలక, పసివాళ్ళకి భయం లేదు' అని. దాని కింద ల్యాబ్ పిల్ల సంతకం.

"ఎవరికన్నా చెప్పావా?" అంది అక్క.

"ఇప్పుడేగా నాకే తెలిసింది!"

"అయితే చెప్పకు." అక్క ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "విను చిన్నీ. ఈ రోజు నుంచి కొత్త మందే వేస్తాం. నేనే నిలబడి చూసుకుంటా. ఆ గుంజలు నేనే తీసి అవతల పడేస్తా. పైవాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదే? షెడ్డు మూసేస్తారు. ఇరవై రెండు కుటుంబాలే! నాకొచ్చిన చదువంతా ఆ ఒక్క చుక్కే. ఇటా, అటా అని. అది కూడా సరిగ్గా చెయ్యలేదని తెలిస్తే, రేపు నా చేతికి చీపురు కూడా ఇవ్వరు."

"తప్పు నీది కాదక్కా. పొదుపుగా వాడమన్నది నేను. నీళ్ళు పొయ్యకూడదని ఒక్క మాట చెప్పలేదు."

"ఎవరు మాత్రం చెప్తారే అలాంటివి?"

నిజమే, ఎవరు చెప్తారు? కానీ ల్యాబ్ పిల్ల గుండెలో గుచ్చుకుంటున్నది అది కాదు. ఇంకొకటుంది, అది అక్కకి కూడా తెలీదు. సోమవారం సోమవారం ఒక పలక ముక్కని బూడిద చేసి ఆ బూడిద మీద కూడా చుక్క వేసి చూడాలి. షెడ్డులో పొరపాటు జరిగినా ల్యాబ్‌లో దొరికిపోవాలని ఆమే పెట్టిన పద్ధతి. అయిదు నెలలుగా ప్రతి సోమవారం నారింజే. అందుకని మొన్న సోమవారం, పత్తి కంప పాళ్ళు ఇరవై అయిదు చెయ్యొచ్చేమో అన్న హుషారులో మునిగిపోయి, బూడిద చెయ్యకుండానే 'విషం లేదు' అని రాసేసింది. రెండంటే రెండు మాటలు. చెయ్యి అలవాటుగా రాసేసింది, అంతే.

మేడెక్కింది. మేనేజరు ఫోనులో ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు. గాజు గదిలోకి వెళ్ళి, ఆ తొమ్మిది రోజుల పలకల్లోంచి అట్టేపెట్టిన ముక్కలు తీసి ఒక్కొక్కటే కాల్చింది. గది వేడెక్కిపోయింది. అవతలి తలుపు తెరవడానికి లేదు, గొట్టం అడ్డం. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుంటూ బూడిద మీద చుక్క వేసింది. నారింజే. అమ్మయ్య అనుకుంది. రెండోది నారింజ. మూడో దానిలో అంచు దగ్గర, ఉందా లేదా అన్నట్టు, లేత నీలం. నాలుగోదీ అంతే. అయిదోది మళ్ళీ నారింజ.

గుంజ మీద పడ్డట్టు సిరా నీలం అయితే ఆలోచించే పనే లేదు. ఈ లేత నీలం ఉంది చూశారూ, ఇదే మనిషిని చంపేది. ఎంత ఉంటే ఇంత నీలం వస్తుందో ఆ చుక్క చెప్పదు. బయట పెద్ద ల్యాబ్‌కి పంపాలి. దానికి రెండు రోజులు పడుతుంది. ఆవాళ సాయంత్రం నాలుగింటికే మంచాలావిడ దగ్గర్నుంచి మంచాల లారీ బయల్దేరాలి, దానికి ముందే ఈమె సంతకం కాగితం అక్కడికి చేరాలి.

మధ్యాహ్నం రెండున్నరకి మేనేజరు ముందు కూర్చుంది. కూర్చోక ఎక్కడికి పోతుంది, దారే ఆయన గదిలోంచి కదా. అంతా చెప్పేసింది. సోమవారం సంగతి ఒక్కటి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

మేనేజరు అరుస్తాడనుకుంది. అరవలేదు. లేచి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ప్రమాదం ఉందని చెప్పగలవా?"

"చెప్పలేను సార్."

"ప్రమాదం లేదని చెప్పగలవా?"

"అదీ చెప్పలేను సార్."

"మరి నువ్వు చెప్పగలిగింది ఏంటమ్మా?"

మేనేజరు యార్డు వైపు చెయ్యి చూపించాడు.

"చూడు. యార్డులో ఉన్నవన్నీ ఈ క్షణమే పక్కన పెట్టించేస్తాను. అది నా చేతిలో పని. కానీ బయటికి వెళ్ళిపోయినవి వెళ్ళిపోయాయి. వాటికి రంగు కూడా వేసేశారు. రంగంటే పలకకి చొక్కా తొడిగినట్టు, లోపలిది బయటికి రాదు."

"పళ్ళొచ్చేటప్పుడు పిల్లలు మంచం అంచు కొరుకుతారు సార్. రంగు లేచిపోయేదాకా కొరుకుతారు."

మేనేజరు బల్ల అంచు మీద వేలు పోనిచ్చాడు. "మావాడూ కొరికేవాడు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "పైవాళ్ళు ఒక్క సాకు కోసం ఎదురు చూస్తున్నారమ్మా. నీకు తెలీదు. నెల నెలా నన్ను అడుగుతున్నారు, ఈ చెత్త ఏరుకోవడం ఎప్పుడు ఆపుతావయ్యా అని. ఇది బయటపడిందంటే మళ్ళీ మొద్దులే. మన దగ్గరే కాదు, మనల్ని చూసి మొదలుపెట్టిన వాళ్ళు కూడా ఆపేస్తారు. నీ నలభై నాలుగో పలక గంగలో కలిసినట్టే."

అది బాణంలా వెళ్ళి సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఊరికే అన్నారా ఆయన్ని వేడి ప్రెస్సు అని.

అప్పుడే తలుపు టకటకా మోగింది. మేనేజరు గొళ్ళెం తీస్తే, అక్క. మెడలో విజిలు లేదు. తిన్నగా వచ్చి తన గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది సార్. నీళ్ళు పొయ్యమన్నది నేనే. మిగతా వాళ్ళకేం తెలీదు, మా చెల్లికి అసలే తెలీదు. నన్ను తీసెయ్యండి. షెడ్డు మాత్రం ముయ్యకండి, మీకు దణ్ణం పెడతా."

మేనేజరు మొహంలో వెలుగొచ్చింది. పాపం ఆయన కూడా ఊపిరాడక కొట్టుకుంటున్నాడు, ఒక్క కిటికీ తెరుచుకున్నట్టు అనిపించింది ఆయనకి. గబగబా అన్నాడు, "సరే. ఏరడంలో ఒకావిడ అజాగ్రత్త. మనం కనిపెట్టాం, మనిషిని తీసేశాం, యార్డులో సరుకు ఆపేశాం. ముందు వెళ్ళిన పలకలకి ల్యాబ్ పరీక్ష ఉండనే ఉంది కదా, సోమవారం నాటిది, విషం లేదని. అయిపోయింది. షెడ్డు ఉంటుంది. ఇరవై ఒక్క మంది ఉంటారు. నువ్వుంటావ్. ఆ మంచాల కాగితం మీద సంతకం పెట్టి పంపెయ్."

ఎంత చక్కగా అమరిపోయిందో చూశారా? ఒక్క మేకు కూడా బయటికి పొడుచుకు రాకుండా.

"సోమవారం పరీక్ష నేను చెయ్యలేదు సార్" అంది ల్యాబ్ పిల్ల.

గాజు అవతల ప్రెస్సు బుస్సుమని మూసుకుంది.

"బూడిద చెయ్యకుండానే రాసేశాను."

అక్క ఒక్కసారిగా ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉందో, జాలి ఉందో, రెండూ ఉన్నాయో. మరుక్షణమే మేనేజరు వైపు తిరిగి, "దానికి పొద్దున్నుంచీ జ్వరం సార్. తిండి కూడా తినలేదు. ఏదో వాగుతోంది, మీరు పట్టించుకోకండి" అంది.

"నాకేం వినబడలేదమ్మా" అన్నాడు మేనేజరు. "ప్రెస్సు మోతలో నాకు సరిగ్గా వినబడదు."

"అక్కా, నిన్ను పంపించేసి నేను ఇక్కడ ఎలా కూర్చోవాలి?"

"కూర్చోవాలే! కూర్చోబెట్టడానికేగా నిన్ను ఇంత దాన్ని చేసింది!" అక్క గొంతు పగిలింది. "నేను ఊడ్చుకునైనా బతుకుతా. నువ్వు దొంగ రాతలు రాశావని తెలిస్తే ఇంకెక్కడా ఏ ల్యాబ్‌లో అడుగు పెట్టనివ్వరు. ఇద్దరం పోయి ఏం సాధిస్తామే?"

ఎదురుగా అక్క. బల్ల అవతల మేనేజరు. వెనక గాజు గది. కింద షెడ్డులో ఇరవై ఒక్క మంది తలలెత్తి పైకే చూస్తున్నారు, పెద్దనోరు కూడా నోరు మూసుకుని చూస్తోంది.

మూడూ ఇరవైకి ల్యాబ్ పిల్ల ఫోను మోగింది. మంచాలావిడ. మేనేజరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఎత్తేసింది. మంచాలావిడ గొంతు పెద్దది, గది మొత్తానికి వినబడుతోంది.

"ఏం తల్లీ, నీ సంతకం కాగితం ఎక్కడ? ఇక్కడ లారీ వాడు హారన్ కొట్టి నా ప్రాణం తీస్తున్నాడు. దాన్ని పంపించేస్తే నేనింత ముద్ద తిందును."

"అమ్మా..." అంది ల్యాబ్ పిల్ల. మేనేజరు సగం లేచాడు. అక్క కళ్ళు మూసుకుంది. "అమ్మా, లారీ ఆపండి."

"ఆపాలా? ఎందుకు?"

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"చెప్పు తల్లీ, ఏమైంది? మందం తేడా వచ్చిందా? మందం తేడా అయితే కంగారేం లేదు, స్క్రూలు బిగించుకుంటాం, ఓ రెండు రోజులు ఆలస్యమవుతుంది అంతేగా. ఇంకోటి చెప్పు, నిన్న పన్నెండు మంచాలు పిల్లల ఆసుపత్రికి వెళ్ళాయి. పొద్దునే ఫోటో పంపారు, అప్పుడే పిల్లల్ని పడుకోబెట్టేశారు కూడా. ముద్దొచ్చేస్తున్నారు అనుకో. ఉత్త మందం తేడాకి వాళ్ళని లేపించను. మందమేనా? ఇంకేమన్నా ఉందా?"

మేనేజరు ఆత్రంగా తలూపుతున్నాడు. మందం, మందం అని పెదాలతోనే చెప్తున్నాడు. అక్క చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా. అవునమ్మా మందమే అంటే చాలు, లారీ ఆగుతుంది, రెండు రోజుల్లో బయటి ల్యాబ్ చెప్తుంది, అప్పటిదాకా అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు. ఆ పన్నెండు మంచాలు కూడా ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ లేత నీలం అసలు ఏమీ కాకపోవచ్చు. విషమే అయినా కావచ్చు.

"హలో? ఉన్నావా తల్లీ?"

ఉంది. ఇంకా అక్కడే నిలబడి ఉంది. చెప్పండి, ఆ ఫోను మీ చేతిలో ఉంటే, మీ అక్క మీ మోచెయ్యి పట్టుకుని ఉంటే, మీరైతే ఆవిడకి ఏం చెప్తారు?